తిరగని గేరు

మా అక్క కొడుకు టోపీకి గేరు అంటించుకున్నాడు. గుంతకల్లు పాత ఇనుప సామాన్ల కొట్లో కేజీల లెక్కన కొన్న స్కూటర్ గేరు. "ఇది తిరుగుతుందా రా?" అని అడిగాను. "తిరగాల్సిన పని లేదు మామా, ఇది స్టీమ్‌పంక్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. విక్టోరియా రాణి కాలంలో లోకమంతా ఆవిరి మీదే నడిచి, అక్కడే ఆగి ఉంటే ఎలా ఉండేదో ఊహించే కథలివి. 1987లో కె.డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత ఒక పత్రికకు ఉత్తరం రాస్తూ సరదాగా వాడిన పేరు ఇది. 1999లో వైల్డ్ వైల్డ్ వెస్ట్ సినిమావాళ్లు ఆవిరితో నడిచే పెద్ద ఇనుప సాలీడును ఎడారిలోకి వదిలారు. కనీసం అది నడిచింది. మావాడి దాకా వచ్చేసరికి యంత్రం పోయి యూనిఫాం మిగిలింది: ఇత్తడి గాగుల్స్, తోలు కోటు, గొలుసు గడియారం.

మావాడు, వాడి స్నేహితులు కలిసి తీసే స్టీమ్‌పంక్ షార్ట్ ఫిల్మ్ షూటింగ్ ఏప్రిల్‌లో పెట్టారు, మిట్టమధ్యాహ్నం. తోలు కోటు తొడుక్కున్న హీరో గాగుల్స్ లోపల చెరువు నిండింది. ఎయిర్‌షిప్ అనే గాలి ఓడ బాయిలర్ కోసం హోటల్ నుంచి ఇడ్లీ పాత్ర అద్దెకు తెచ్చి, మూత మీద ఇంకో గేరు అంటించారు. 'యాక్షన్' అంటే ఒకడు మూత ఎత్తాలి, 'కట్' అంటే మూయాలి. అంతా బాగానే ఉంది కానీ అనంతపురం ఎండలో ఆవిరి కంటికి కనబడితే కదా! పాత్ర పక్కన వేపాకు కాల్చారు. అందరి కళ్లూ మండాయి, హీరోవి తప్ప. గాగుల్స్ పనికొచ్చింది ఆ ఒక్కసారే. రోడ్డు మీద పోతున్న మెకానిక్ ఒకాయన బండి ఆపి చాలాసేపు చూశాడు. "ఈ గేరు పండ్లు దేంట్లో పడతాయప్పా?" అన్నాడు. "ఈస్థటిక్ అన్నా" అన్నాడు మావాడు, చూపుకు అందం కోసమే అనే అర్థంలో. "ఆహా. ఎంత హార్స్‌పవర్?" అని అడిగాడాయన. ఈలోగా హోటలాయన వచ్చి నిలబడ్డాడు: "ఆరుకల్లా పాత్ర కావల్ల సామీ, సాయంత్రం ఇడ్లీ ఉండాది."

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత స్క్రిప్టు చదివాను.

కథ 1877లో, అనంతపురంలో. కలెక్టరు బంగళా ముందు ఎయిర్‌షిప్ దిగుతుంది, మన హీరో దొరలతో కూర్చుని టీ తాగుతాడు. అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. పోనీ, ఊహ కదా, వదిలేస్తాను. 1877ను మాత్రం వదలను. అది ధాత కరువు, నాయనా! కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఎండి చచ్చిన ఏడాది. ఆ జనవరిలోనే ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తిని చేశారు. కరువు పనిలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, అణా డబ్బులు చాలని లెక్క తేల్చినవాడు, కరువు సంగతి చూడమని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆవిరి రైలు లేకనా? 1871కే మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా పట్టాలు పడ్డాయి. రైలుంది, ఇంజనుంది, ఆవిరుంది. ఇంగ్లండుకు గోధుమల ఓడలు పోతూనే ఉన్నాయి. వ్యాపారంలో వేలు పెట్టం అన్నారు సర్కారువాళ్లు. మీరు టోపీకి అంటించుకుంటున్న ఆవిరి యుగం ఇదిరా! ఆ బాయిలర్లో బొగ్గు ఎవడు వేశాడో ఒక్క షాట్‌లోనైనా చూపించారా? మా తాత రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఆయన చేతుల మీద కాలిన మచ్చలు ఏ ఈస్థటిక్ కిందికి వస్తాయో చెప్పు.

ఇదంతా వాడికే చెప్పాను, గొంతు పోయేలా. వాడు శ్రద్ధగా విన్నాడు. ఫోన్‌లో రాసుకున్నాడు కూడా.

"కరువు కూడా పెడదాం మామా. బ్రౌన్ టోన్‌కి బాగా సెట్ అవుతుంది."

ఇడ్లీ పాత్ర మూత మీది గేరు మాత్రం ఎంత లాగినా ఊడలేదు. హోటలాయన కోప్పడతాడనుకున్నాను. మూత ఎత్తడానికి పట్టు బాగా దొరుకుతోందట.