చూసేందుకూ వంతు కావాలి

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ గోడల మీద దాదాపు 17 వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న బొమ్మలు, జనం చూడటం మొదలుపెట్టిన పదిహేనేళ్లకే జబ్బున పడ్డాయి. 1940లో కొందరు కుర్రాళ్ల కంటపడిన ఆ గుహను 1948లో అందరి కోసం తెరిచారు. కొన్నేళ్లకే రోజుకు వెయ్యి మందికి పైగా లోపలికి దిగసాగారు. వాళ్లేమీ గోడలు గీకలేదు, రాళ్లు పీకలేదు. నిలబడి చూశారు, ఊపిరి పీల్చి వదిలారు, అంతే. ఆ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ, ఒంటి వేడి గాలి ఆడని గుహలో పోగుపడ్డాయి. వాటికి దీపాల వెలుగు తోడై గోడల మీద పచ్చటి నాచు పట్టింది, తెల్లటి సున్నపు పొర పేరుకుంది. ఎద్దులు, గుర్రాల బొమ్మలు మసకబారకముందే 1963లో గుహను మూసేశారు. అప్పటి నుంచి మామూలు సందర్శకుడికి అసలు గుహలోకి ప్రవేశం లేదు.

మూసేయడమంటే ఇక వేరే దారి లేనప్పుడు చేసే పని. అంతదాకా రాకుండా చూసుకోవాలంటే, వచ్చేవాళ్లను ముందే లెక్కగట్టి పంపాలి. ఈ సంగతి ప్రపంచంలోని ప్రసిద్ధ కట్టడాలన్నింటికీ ఇప్పుడిప్పుడే తలకెక్కుతోంది. గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో పురాతన గుళ్లున్న కొండ అక్రోపోలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20 వేల మందినే, అదీ గంటల వారీ స్లాట్లలో అనుమతిస్తున్నారు. పెరూ కొండల్లోని ప్రాచీన నగరం మాచుపిచ్చులో సంఖ్యకు పరిమితి ఉంది, ఏ దారిన వెళ్లాలో కూడా టికెట్ మీదే రాసి ఉంటుంది. తాజ్‌మహల్‌లో ఒక్కొక్కరు మూడు గంటలకు మించి ఉండకూడదని 2018లో నిబంధన పెట్టారు. కంబోడియాలోని ప్రాచీన గుళ్ల సముదాయం అంగ్‌కోర్‌లో సూర్యాస్తమయం చూడటానికి అందరూ ఎగబడే బాఖెంగ్ గుట్ట మీదికి ఒకేసారి 300 మందికి మించి ఎక్కనివ్వరు.

ఇంత దూరం వచ్చి గేటు దగ్గర ఆగిపోవాలా అని కోపం రావడం సహజం. సెలవు దొరికేదే కొద్ది రోజులు. అందులో స్లాట్ దొరుకుతుందో లేదోనన్న టెన్షన్ అదనం. అయినా ఈ పరిమితులు సరైనవేనని మా అభిప్రాయం. ఏ దేశానికి వెళ్లినా చూడాల్సిన వాటి జాబితా అందరి చేతిలోనూ ఒకటే. అందరూ వెళ్లే వేళా ఒకటే. ఆ గుంపులో గోవిందా అనుకుంటూ తోసుకుపోయి, ముందువాళ్లు ఎత్తి పట్టుకున్న ఫోన్ల సందుల్లోంచి చూసి రావడాన్ని సందర్శన అనలేం.

పరిమితి ఎలా పెట్టాలన్న దగ్గరే మా పేచీ. జనాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలకు తట్టే మొదటి ఉపాయం రేటు పెంచడం. శ్రమ ఉండదు, పైగా ఆదాయం. వెనిస్ నగరం 2024లో పగటిపూట వచ్చిపోయే పర్యాటకులపై ఎంపిక చేసిన 29 రోజుల్లో 5 యూరోల రుసుము పెట్టింది. మరుసటి ఏడాది ఆ రోజులను 54కు పెంచింది, ఆలస్యంగా కట్టేవాళ్లకు 10 యూరోలు చేసింది. విమాన టికెట్‌కే వందల యూరోలు పోసి వచ్చినవాళ్లను 5 యూరోలు ఆపుతాయని నిజంగానే ఎవరైనా నమ్మారా? అక్రోపోలిస్ టికెట్ కూడా 2025లో 20 నుంచి 30 యూరోలకు ఎగబాకింది. రోజువారీ పరిమితి, స్లాట్లు అప్పటికే ఉన్నాయి కాబట్టి ఆ పెంపు రాళ్లను కాపాడటానికని చెప్పుకోవడం కుదరదు. రేటు పెంచితే గుంపు కొంత తగ్గినా తగ్గొచ్చు. ఆ తగ్గేది మాత్రం డబ్బు లేనివాళ్లే. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే మామూలు కుటుంబం వెనక్కి తిరుగుతుంది, డబ్బున్నవాడు ఇంకో నోటు తీస్తాడు. కట్టడానికి పడే అరుగుదల ఇద్దరి అడుగుల కిందా ఒకటే.

సొంత పౌరులకు తక్కువ, విదేశీయులకు ఎక్కువ రేటు పెట్టడాన్ని మాత్రం మేం తప్పుపట్టం. ఏడాది పొడవునా పన్నుల రూపంలో ఆ కట్టడాన్ని పోషిస్తున్నది ఆ పౌరులే.

డబ్బుతో పనిలేకుండా వంతుతోనే గుంపును అదుపు చేయొచ్చని చూపించింది పారిస్‌లోని నోత్రదామ్. 2019 ఏప్రిల్‌లో మంటల్లో పైకప్పు కూలిన ఆ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. తెరవడానికి ముందు, పర్యాటకుల దగ్గర 5 యూరోలు తీసుకుని ఆ సొమ్ముతో మిగతా చర్చిలకు మరమ్మతులు చేయిద్దామని సాక్షాత్తూ ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రే ప్రతిపాదించారు. చర్చి ఒప్పుకోలేదు. ప్రవేశం ఉచితంగానే ఉంచి, ఆన్‌లైన్‌లో ముందుగా టైమ్ ఎంచుకునే ఏర్పాటు చేశారు, అదీ ఉచితమే. బుకింగ్ లేనివాళ్లకు విడిగా క్యూ ఉంది. మంత్రి ఆలోచన చెడ్డదని అనం. పాత చర్చిల మరమ్మతులకు డబ్బు కావాల్సిందే. కానీ తలుపు దగ్గర జోలె పట్టకుండానే ఆ పని చేయాలి.

వంతు పద్ధతికి తన రోగాలు తనకున్నాయి. స్లాట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన మరుక్షణం దళారుల సాఫ్ట్‌వేర్ వాటిని ఊడ్చేస్తుంది. రోమ్‌లోని ప్రాచీన క్రీడారంగం కొలోసియంలో ఇదే జరిగింది. మామూలు ధర టికెట్లు మాయమై, గైడుతో కలిపిన ఖరీదైన ప్యాకేజీల్లో తేలేవి. చివరికి 2025లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, టికెట్లు అమ్మే బాధ్యత చూసిన సంస్థపైనా కొన్ని టూర్ కంపెనీలపైనా కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. కాపలా ఉండాల్సిన చోటే కంచె చేను మేస్తే ఏ స్లాటూ నిలవదు. దీనికి మందు తెలియనిదేమీ కాదు. టికెట్ మీద పేరు ఉండాలి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూడాలి. స్పెయిన్‌లోని పాత రాజకోట అల్హాంబ్రాలో అలాగే చేస్తున్నారు. అంగ్‌కోర్‌లోనైతే టికెట్ మీద మన ఫొటోనే ముద్రిస్తారు, ఇంకొకరికి అమ్ముకునే వీలే లేదు. ఇంటర్నెట్ చేతకానివాళ్ల కోసం కొన్ని టికెట్లు స్థానికంగా కౌంటర్లో ఉంచడం కూడా అంతే అవసరం. మాచుపిచ్చు కింద ఉన్న ఊళ్లో రోజుకు వెయ్యి టికెట్లు అలా నేరుగా అమ్ముతున్నారు. క్యూ పొడవే, కానీ నిలబడ్డవాడికి దొరుకుతుందన్న ఆశ ఉంటుంది.

సరే, వంతు వచ్చింది, లోపలికి వెళ్లాం. ఏం చూస్తున్నాం? అక్రోపోలిస్ మీదున్న పార్థినాన్‌నే తీసుకోండి. క్రీస్తుపూర్వం 447లో మొదలుపెట్టిన ఆ గుడిలో తిన్నటి గీత అంటూ దాదాపు లేదు. కింది అరుగు బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ, 70 మీటర్ల పొడవున్న పక్కన మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. ఓ మూలన వంగి మెట్టు వెంబడి చూపు సారిస్తే ఆ వంపు తెలుస్తుంది. స్తంభాలు నడుము దగ్గర కాస్త ఉబ్బి, లోపలివైపు కొద్దిగా ఒరిగి ఉంటాయి. వాటిని అలాగే పైకి పొడిగిస్తూ పోతే రెండు కిలోమీటర్లకు పైన ఎక్కడో కలుస్తాయట. మూలల్లో ఉన్నవి మిగతావాటి కంటే లావు. అంటే ఏ రెండు రాళ్లూ ఒకే అచ్చులో పోసినట్టు కుదరవు, దేనికది లెక్కగట్టి చెక్కాల్సిందే. తాజ్‌మహల్ మినార్లు కొంచెం బయటికి వాలి ఉండటం కూడా ఇలాంటి లెక్కే. వీటి ముందు సెల్ఫీ దిగి వచ్చేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. గేటు దగ్గర టికెట్ చింపి ఇస్తారే తప్ప ఈ నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు ఉండరు.

తెలియకపోతే ఏమవుతుందో 2023లో కొలోసియం గోడే చెప్పింది. ఓ యువకుడు తాళంచెవితో తన పేరు, స్నేహితురాలి పేరు చెక్కుతూ వీడియోకు చిక్కాడు. పట్టుబడ్డాక రోమ్ మేయర్‌కు క్షమాపణ లేఖ రాస్తూ, ఆ కట్టడం అంత పాతదని ఆ తర్వాతే తెలిసిందన్నాడు. లోకమంతా నవ్వింది. కానీ అతని మాటను పూర్తిగా కొట్టిపారేయకూడదు. రెండు వేల ఏళ్ల నాటి గోడ ముందు నిలబడ్డవాడికి దాని వయసు తెలియకుండా పోయిందంటే, చెప్పాల్సినవాళ్లు ఏం చేస్తున్నట్టు? జరిమానాల బోర్డులు ఎన్ని భాషల్లోనైనా ఉంటాయి, కథ చెప్పే బోర్డు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఉంటాయి.

కొన్ని చోట్ల అసలు కంటే నకలే మేలు. ఈ మాట చాలామందికి రుచించదు. లాస్కో పక్కన 1983లో కొంత భాగానికీ, 2016లో దాదాపు పూర్తి గుహకూ నమూనాలు కట్టారు. ఈజిప్టులో ప్రాచీన రాజు తూతన్‌ఖామున్ సమాధికి 2014లో అచ్చుగుద్దినట్టు ఇంకోటి సిద్ధం చేశారు. అసలైన చోట నిలబడ్డామన్న పులకింత నకలులో రాదు, నిజమే. కానీ గోడకు దగ్గరగా వెళ్లొచ్చు, తీరిగ్గా నిలబడొచ్చు, పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పొచ్చు. వెనక నుంచి ఎవరూ తోయరు.

నడవలేనివాళ్ల సంగతి ఇప్పటికీ ఆఖరి వరసలోనే ఉంది. అక్రోపోలిస్ మీద చక్రాల కుర్చీలు వెళ్లేలా ఇటీవల కాంక్రీటు బాటలు వేశారు, 2020 చివర్లో కొత్త లిఫ్టు పెట్టారు. పురాతన కొండ మీద కాంక్రీటేంటని నిపుణులు మండిపడ్డారు. బాట వెడల్పు గురించి, వాడిన సరుకు గురించి వాదించుకోవచ్చు. బాటే వద్దనడం మాత్రం, చూసే హక్కు మోకాళ్లు బాగున్నవాళ్లకే అనడం.

ఇక వసూలైన డబ్బు. అంగ్‌కోర్‌లో ఒక రోజు టికెట్ 37 డాలర్లు, అందులో 2 డాలర్లు పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. ఆ సంగతి బయటికి చెప్పడం వల్లే, రేటు ఎక్కువనిపించినవాళ్లు కూడా ఆ రెండు డాలర్ల దగ్గర నోరెత్తరు. మిగతా దేశాలూ టికెట్ వెనక ఖాళీగా వదిలేస్తున్న చోట ఈ లెక్క అచ్చువేయాలి. వసూలైన దాంట్లో రాళ్ల మరమ్మతుకు ఎంత, సిబ్బంది జీతాలకు ఎంత, కట్టడం చుట్టూ బతికే ఊళ్లకు ఎంత, ఖజానాలో కలిసిపోయింది ఎంత అన్నది అందులో ఉండాలి. రేటు పెంచిన ప్రతిసారీ పాత లెక్క పక్కనే కొత్త లెక్కా కనిపించాలి.