చదవని పుస్తకం మీద సంతకాలు పెట్టే అమ్మానాన్నలకి

పొద్దున్నే ఫోన్ తీస్తే మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక స్క్రీన్‌షాట్. ఇంగ్లిష్ నవల్లో ఒక పేజీ, నాలుగు లైన్ల చుట్టూ ఎర్ర గీత, కింద "మన పిల్లల చేత స్కూల్లో ఇవి చదివిస్తున్నారు, వెంటనే ఈ పుస్తకం తీసేయమనే పిటిషన్ మీద సంతకం పెట్టండి, తెలిసినవాళ్లందరికీ పంపండి" అని. దాని కింద వరసగా "డన్", "షేమ్", "మా వారి చేత కూడా పెట్టించా". అది ఏ పుస్తకమో, ఎవరు రాశారో ఒక్కరూ అడగలేదు. అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ రాసిన 'ది బ్లూయెస్ట్ ఐ' అది. నేను ఒక్క ముక్కే అడిగా, ఇది ఎవరైనా మొత్తం చదివారా అండీ అని. ఒకాయన వెంటనే "ఈ పేజీ చాలండీ, ఇంకా చదవడం దేనికి" అన్నారు. కాసేపటికి గ్రూప్‌లో వాదనలొద్దని అడ్మిన్ నా మెసేజ్ తీసేశారు, పిటిషన్ లింక్ మాత్రం పైన పిన్ చేసి ఉంచారు. ఒళ్లు మండిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా, పొడుగైపోతే ఏమనుకోకండి.

మేముండేది ఒహాయోలో. ఆ కథ జరిగేదీ ఒహాయోలోనే, ఈరీ సరస్సు ఒడ్డున లొరెయిన్ అనే ఊళ్లో. మోరిసన్ 1931లో పుట్టింది అక్కడే. చిన్నప్పుడు తనతో పాటు తిరిగిన ఒక నల్లపిల్ల నాకు నీలికళ్లు కావాలని అందట, ఆ మాట ఆవిడ లోపల ఏళ్ల తరబడి ఉండిపోయి చివరికి 1970లో ఈ నవలగా వచ్చింది, ఆవిడ మొదటి నవల. ఇద్దరు మగపిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ, పబ్లిషింగ్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, తెల్లారకముందే లేచి రాసుకున్న పుస్తకం. 1993లో నోబెల్ వచ్చింది, సాహిత్యంలో నోబెల్ తీసుకున్న మొదటి నల్లజాతి మహిళ. ఆవిడ పుట్టినరోజు ఫిబ్రవరి 18ని మా రాష్ట్రం 'టోనీ మోరిసన్ డే' చేసింది. ఇదే రాష్ట్రంలో 2013లో స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ ప్రెసిడెంట్ ఈ పుస్తకాన్ని పోర్నోగ్రఫీ అని నలుగురిలో అన్నారు. ఇక్కడ పుట్టి, ఇక్కడి ఊరి గురించి రాసిన మనిషిని పట్టుకుని ఇక్కడివాళ్లే అన్న మాట అది.

ఆ పేజీలో ఏముందో నేనేం దాచను. పెకోలా అని పదకొండేళ్ల పిల్ల, తాగొచ్చిన తండ్రి ఆ పిల్ల మీద అత్యాచారం చేస్తాడు, పిల్ల కడుపుతో ఉంటుంది. మోరిసన్ ఆ ఘట్టాన్ని బయట నిలబడి రాయలేదు, ఆ తండ్రి బుర్రలోంచి రాసింది, అందుకే అది చదువుతుంటే ఊపిరాడదు. ఊపిరాడకూడదనే రాసింది. బ్యాన్ చేయమనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ పట్టుకొచ్చేది ఈ పేజీనే, దీంతో పాటు చిన్నపిల్లల జోలికెళ్లే ఇంకో మగాడి పేజీలు. మాటలు పచ్చిగా ఉన్నాయి, పిల్లలకి తగదు, తండ్రి మీద జాలి చూపించింది, ఎక్కడ చూసినా ఇవే. ఆ పిల్ల తర్వాత ఏమైందో అడిగేవాళ్లు లేరు. పెకోలా తల్లికి చెప్పుకుంటుంది, తల్లి నమ్మదు. ఊరంతా గుసగుసలాడుతుంది, ఆ బిడ్డ పుట్టకుండా పోతేనే మేలనుకుంటుంది. ఆ బిడ్డ బతకాలని కోరుకున్నది ఇద్దరే ఇద్దరు, కథ చెప్పే క్లాడియా, వాళ్లక్క ఫ్రీడా. ఒకళ్లకి తొమ్మిది, ఒకళ్లకి పది. సైకిల్ కొనుక్కోడానికి దాచుకున్న డబ్బులు మట్టిలో పాతిపెట్టి, బంతి గింజలు నాటి, అవి మొలిస్తే బిడ్డ బతుకుతుందని దేవుణ్ణి అడుగుతారు. ఈ పుస్తకం చదివి ఎవరికైనా తప్పుడు ఆలోచన వస్తుందంటే నేను నమ్మను.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఇంట్లో అలాంటిది జరుగుతున్న ఆడపిల్ల నిజంగా మీ స్కూల్లో ఉంటే? మన తెలుగు ఇళ్లల్లో ఉంటే? ఉండరని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? బాబాయో, మావయ్యో, ఇంటికొచ్చే ఫ్యామిలీ ఫ్రెండో చేసినదాన్ని "పరువు పోతుంది, నోరు మూసుకో" అని అణిచేసిన కథలు మన ఆడవాళ్లలో ఎంతమందికి తెలియవు? ఆ పిల్లకి నీ తప్పు కాదు అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. లైబ్రరీలో ఒక పుస్తకం ఉంటే, అందులో పెకోలాని నమ్మని తల్లిని చూసి, నాకు జరిగింది ఇదే, దీనికి పేరుంది అని తెలుసుకుంటుంది. ఆ ఒక్కటీ కూడా తీసేసి, పిల్లల్ని కాపాడుతున్నామంటే ఎలాగండీ?

అసలు పుస్తకం అంతా ఆ నాలుగు పేజీలే అనుకుంటున్నారు. పుస్తకం రంగు గురించి. నీలికళ్లుంటే అమ్మానాన్నా కొట్టుకోరని, నీలికళ్లుంటే టీచర్లు తనవైపు చూస్తారని నమ్మే పిల్ల గురించి. క్లాడియా వాళ్లింట్లో హాలీవుడ్ బాలనటి షర్లీ టెంపుల్ బొమ్మున్న కప్పుంటుంది, ఆ తెల్లపిల్ల మొహం చూడటం కోసం పెకోలా అదే పనిగా పాలు తాగుతూనే ఉంటుంది, ఇంట్లో పాలన్నీ అయిపోతాయి. కొట్టుకెళ్తే కొట్టువాడికి ఆ పిల్ల చేతిలో చిల్లర తీసుకోడానికి కూడా చెయ్యి తగలడం ఇష్టముండదు. ఇక తల్లి, పాలీన్. తెల్లవాళ్లింట్లో వంటపని చేస్తుంది. ఒకరోజు పెకోలా అక్కడికెళ్లి వేడివేడి కాబ్లర్ (పళ్లతో చేసే తీపి వంటకం) గిన్నె పొరపాటున తోసేస్తే, ఆ పాకం కాళ్ల మీద పడి కాలుతుంటే, తల్లి సొంత కూతుర్ని కొట్టి, ఏడుస్తున్న యజమాని కూతుర్ని దగ్గరకి తీసుకుని ఓదారుస్తుంది. ఆ తెల్లపిల్ల ఆమెని "పాలీ" అని పేరు పెట్టి పిలుస్తుంది, కన్నకూతురు మాత్రం "మిసెస్ బ్రీడ్‌లవ్" అనాలి. నాకు ఆ పుస్తకంలో చదవలేకపోయిన పేజీ అది. దానికి ఏ ఊళ్లోనూ ఎవరూ ఎర్ర గీత పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు, మన ఇళ్లల్లో అది తప్పుగా ఎవరికీ కనబడదు. కడుపుతో ఉన్న కోడలికి కుంకుమపువ్వు పాలు ఎందుకు పట్టిస్తాం మనం? బిడ్డ తెల్లగా పుట్టాలని. నాకూ పట్టించారు, మా అత్తగారు ఊరి నుంచి డబ్బా పంపించి మరీ ఫోన్ చేసి తాగావా తాగావా అని అడిగేవారు. పుట్టిన పిల్లని చూడ్డానికొచ్చినవాళ్లు ముందు చెవి వెనక రంగు చూశారు. "నలుపైనా కళగల మొహం" అన్నారు, అది మెచ్చుకోలట. మా పాపకి ఏడేళ్లప్పుడు దీపావళి పాట్‌లక్‌లో ఒకావిడ, ఈ గ్రూప్‌లోనే ఉన్నావిడ, అందరి ముందూ "కళ్లు ముక్కు ఎంత బావున్నాయో, కాస్త రంగొస్తేనా, శనగపిండి పెరుగు రాయమ్మా రోజూ" అన్నారు. పిల్ల ఆ రాత్రి స్నానంలో చేతులు ఎర్రగా అయ్యేదాకా రుద్దుకుంది. ఏంటమ్మా ఇది అంటే "ఆంటీ చెప్పారు కదా" అంది. ఆవిడ సంతకం పిటిషన్ మీద అందరికంటే ముందుంది. పిల్లల మనసు పాడవుతుందట పుస్తకంతో!

పెళ్లి సంబంధాల ప్రొఫైళ్లు తెరిచి చూడండి, అమెరికాలో పుట్టి పెరిగిన అబ్బాయిలకి కూడా "తెల్లగా, సన్నగా, సంప్రదాయంగా ఉండే అమ్మాయి" కావాలి. మన సినిమాల్లో హీరో ఎలా ఉన్నా పర్లేదు, హీరోయిన్ మాత్రం తెల్లగా ఉండాలి కాబట్టి ముంబై నుంచి తెచ్చుకుంటాం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి అమ్మీ అమ్మీ, 2020లో అమెరికాలో నల్లవాళ్ల ఉద్యమం ప్రపంచమంతా పాకాక పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ అన్నారు, మార్చింది పేరే, మన ఆశ అలాగే ఉంది. ఇంకో మాట, ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది, తెప్పించనివ్వండి. ఇదే గ్రూప్‌లో ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే "ఆ ఏరియా వద్దండీ, అక్కడ వాళ్లెక్కువ" అని రాస్తారు. ఆ 'వాళ్లు' ఎవరో అందరికీ అర్థమవుతుంది. మీ పిల్లలు కూడా పక్కనుండి చదువుతారు ఆ మెసేజ్. మోరిసన్ పుస్తకం తీసేస్తే మీ పిల్లలకి ఆ మాట నేర్పేది ఎవరు, మీరే కదా.

సరే, బ్యాన్ సంగతికొస్తా. ఇదేదో మా ఊరి అమ్మానాన్నలు అనుకోకుండా చూసి కంగారుపడిన వ్యవహారం కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్క ప్రకారం 2022లో పుస్తకాలు తీసేయమన్న డిమాండ్లు 1,269, అప్పటికి అంతకు ముందెప్పుడూ అన్ని రాలేదు, ఎక్కువ అభ్యంతరాలొచ్చిన పుస్తకాల్లో ఇది మూడోది. 2024లో వచ్చిన అభ్యంతరాల్లో తల్లిదండ్రులు సొంతంగా పెట్టినవి 16 శాతమే, 72 శాతం సంఘాలు, బోర్డు సభ్యులు, అధికారుల నుంచి వచ్చినవి. ఎక్కడో ఎవరో పేజీలు ఏరి, జాబితాలు తయారుచేసి వదులుతారు, అవి తిరిగి తిరిగి మన ఫోన్లలోకొస్తాయి. మిస్సోరిలో వెంట్జ్‌విల్ అనే చోట స్కూల్ డిస్ట్రిక్ట్ వేసిన కమిటీ పుస్తకం చదివి ఉంచండి అంటే, 2022 జనవరిలో బోర్డు 4-3 ఓటుతో తీసేసింది. విద్యార్థుల తరఫున పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ కోర్టుకెక్కాక నెల తిరిగేసరికి మళ్లీ పెట్టింది. ఫ్లోరిడాలో పినెలస్ కౌంటీలో 2023లో ఒక హైస్కూల్లో ఒక్క పేరెంట్ కంప్లెయింట్ చేస్తే కౌంటీలో హైస్కూళ్లన్నిట్లోంచీ తీసేశారు, గోలయ్యాక కొన్ని నెలలకి తిరిగి పెట్టారు. ఒక్క మనిషి వద్దంటే ఊళ్లో పిల్లలందరికీ లేకుండా పోతుంది!

మీ పిల్ల చదవకూడదనుకుంటే టీచర్‌కి చెప్పండి, చాలా స్కూళ్లలో వేరే పుస్తకం ఇస్తారు, అది మీ హక్కు, దానికి నేను అడ్డురాను. మా పాప పదకొండో తరగతి, తను చదవాలి, నేను చదివించుకుంటా, ఆ హక్కు నాకూ ఉంది కదా? 1982లో అమెరికా సుప్రీంకోర్టులో, స్కూల్ బోర్డు మీద విద్యార్థులు వేసిన పీకో కేసులో, మెజారిటీ కుదరకపోయినా, అందులో ఉన్న ఆలోచనలు నచ్చలేదన్న ఒక్క కారణంతో బోర్డు లైబ్రరీ పుస్తకాలు తీసేయకూడదని ప్రధాన అభిప్రాయం రాశారు. మీరు పౌరసత్వం పరీక్షకి రాజ్యాంగం ప్రశ్నలన్నీ బట్టీ పట్టారు కదండీ, భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చే ఆ మొదటి సవరణ ఇదే. చాలా డిస్ట్రిక్ట్‌ల అభ్యంతరం ఫారాల్లో "పుస్తకం మొత్తం చదివారా?" అని ఒక ప్రశ్నుంటుంది, అక్కడ ఏం రాస్తారు మీరు? అబద్ధం రాస్తారా?

నేను మంగళవారం స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి పేరు ఇచ్చేశా. మూడు నిమిషాలే ఇస్తారట. పిండి రాయమన్నావిడ కూడా వస్తున్నారని తెలిసింది, రానివ్వండి, ఆవిడ ముందే పాలకప్పు పేజీ, కాబ్లర్ పేజీ రెండూ పైకి చదువుతా. మా పాప తనూ వస్తానంటోంది, కానీ మాట్లాడాలా వద్దా అన్నది తన ఇష్టం, నేను బలవంతపెట్టను. ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, పుస్తకం చదివినవాళ్లు, ఇప్పుడు చదవడం మొదలుపెట్టి మంగళవారంలోపు అయిపోతుందనుకునేవాళ్లు నాకు మెసేజ్ చేయండి, రెండొందల చిల్లర పేజీలే, నా దగ్గర ఇంకో కాపీ ఉంది, కార్లో ముగ్గురికి చోటుంది.