చద్దరు కింద పది నిమిషాలు

నల్లగొండలో మే నెల మధ్యాహ్నం ఎవరి ముఖమైనా ఆవిరి పట్టినట్టు కనిపిస్తే దానికి రెండే కారణాలు ఉండాలి. ఒకటి సర్ది, రెండోది దేవరకొండ బస్సు. మూడో కారణం కూడా ఉందని, దాని పేరు స్కిన్ కేర్ అని, సెలవులకు హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చిన మా బిడ్డ చెప్పేదాకా నాకు తెలియదు.

ఆమె బ్యాగులోంచి మూడు బుడ్డి సీసాలు దిగాయి. లావెండర్, టీ ట్రీ, ఆరెంజ్ నూనెలు. మరిగిన నీళ్ళలో చుక్కలు వేసి ముఖానికి ఆవిరి పట్టడానికట. ఒక్కోటి 10 మి.లీ. మా అమ్మ అవి మందులనుకుని "పొద్దుగాల ఎన్ని చుక్కలు, రాత్రికెన్ని బిడ్డా?" అని అడిగింది. నేను ధర అడిగాను. మూడూ కలిపి పన్నెండు వందలు. అమ్మ ప్రశ్నే నయం.

ఆరెంజ్ నూనె ఎక్కడిదని ఆరా తీస్తే, తొక్కలోంచి పిండిందట. నల్లగొండ అంటేనే బత్తాయి కదా, రెండూ దగ్గరి చుట్టాలే. ఇక్కడ జ్యూస్ బండ్ల దగ్గర సాయంత్రానికి తొక్కలు గంపలకొద్దీ పోగుపడతాయి. ఆ తొక్కను వేళ్ళ మధ్య వంచి ఒత్తితే సన్నటి తుంపర చిమ్ముతుంది చూశారూ, అదే ఈ నూనె. దీపం ముందు ఒత్తితే చిటపటమని మెరుస్తుంది. చిన్నప్పుడు నేను దాన్ని గురి చూసి మా తమ్ముడి కళ్ళలోకి చిమ్మేవాణ్ణి. వాడు ఏడ్చేవాడు, నాకు వీపు మోగేది. ఇప్పటి రేటు కట్టి చూస్తే ఆ కళ్ళలో నేను పోసింది తక్కువలో తక్కువ ఎనిమిది వందల రూపాయల సరుకు. భూమి పంపకాలప్పుడు ఈ సంగతి గుర్తుకు రాకపోవడం నా దురదృష్టం.

తర్వాత ప్లగ్గులో పెట్టే స్టీమర్ కొందామన్నది. దీన్ని నేను విధానపరంగా వ్యతిరేకించాను. మన జిల్లాలోనే దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 5 యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. అక్కడ చేసే పనేమిటి? బొగ్గు మండించి నీళ్ళను ఆవిరి చేస్తారు. ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. ఆ కరెంటు స్తంభాలు దాటి మా వీధికొస్తే, దాన్ని ప్లగ్గులో పెట్టి మేం మళ్ళీ నీళ్ళను ఆవిరి చేయాలి! మధ్యలో ఇంత తతంగం దేనికి? జనాన్ని బస్సుల్లో తీసుకుపోయి దామరచర్లలోనే కూర్చోబెట్టి, మొత్తం మీద ఒక పెద్ద చద్దరు కప్పితే పోతుంది కదా. ఈ ప్రతిపాదన కలెక్టర్ గారికి రాద్దామని కూర్చున్నాను గానీ ఆ సాయంత్రం మా వీధిలో కరెంటు పోయింది.

మిర్యాలగూడ మిల్లుల సంగతి కూడా చెప్పి చూశాను. వడ్లను ఆవిరి మీద ఉడికించే ఉప్పుడు బియ్యం చేస్తారమ్మా, ఆవిరి తగిలాక ఆ గింజ తెల్లబడదు, పసుప్పచ్చగా తిరుగుతుంది, ఆలోచించుకో అన్నాను. ఆలోచించుకోలేదు.

ఆవిరికి చర్మ రంధ్రాలు తెరుచుకుంటాయి, చివర్లో చల్లనీళ్ళు కొడితే మూసుకుంటాయి అని ఆమె వాదన. సాగర్ డ్యాంకు 26 క్రస్ట్ గేట్లున్నాయి, నీళ్ళొస్తే ఎత్తుతారు, తగ్గితే దించుతారు. ముఖం మీది రంధ్రాలకు గేట్లూ లేవు, వాటిని ఎత్తి దించే కండరాలూ లేవు. ఆవిరి చేసేదల్లా పైనున్న జిడ్డునీ మురికినీ నానబెట్టి, బుగ్గలకు కాసేపు రక్తం తేవడమే. మా అమ్మ ఇవేవీ వినకుండా, "బాలింతలకు వావిలాకు కాగవెట్టి పోస్తుంటిమి. పడిశం వడితే గంజుల గా ఆకే ఏసి, గొంగడి కప్పుతుంటిమి. గప్పుడు మొఖం ఎట్లున్నదో ఎవలు చూసిర్రు?" అని లేచి పోయింది.

విమర్శించేవాడు అనుభవించి విమర్శించాలి గనక ఆదివారం నేనే కూర్చున్నాను. గంజులో నీళ్ళు మరిగించి దించి, ఆరెంజ్ సీసా మూత తీశాను. రెండు మూడు చుక్కలు చాలట. రెండు చుక్కలు పోపుకైనా సరిపోవు కదా అని పదిహేను వేశాను. నూనె నీళ్ళలో కలవదు, పైన తేలి మొదటి ఆవిరితోనే మొత్తంగా లేస్తుంది. ముఖం రెండు జానల దూరంలో ఉండాలి, నేను జానెడులో పెట్టాను. కళ్ళు మూసుకోవాలి, నేను పరిశీలన కోసం తెరిచి ఉంచాను.

నలభై ఏళ్ళ తర్వాత మా తమ్ముడి ఉసురు తగిలింది.

ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు 540 క్యాలరీల వేడి వదులుతుందని చదివి పరీక్ష పాసైనవాణ్ణే. ఆ పాఠం నా ముక్కుకు అర్థమైంది మాత్రం ఆ రోజే. సాయంత్రం పక్కింటాయన నన్ను చూసి "బీపీ చూపించుకున్నరా సార్?" అని అడిగాడు.

అక్కడితో మానేస్తే ఈ వ్యాసం గౌరవంగా ముగిసేది. వారం తర్వాత, ఎవరికీ చెప్పకుండా, మూడే చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని, చద్దరు కప్పుకున్నాను. లావెండర్. లోపల చీకటి, నీళ్ళ వేడి, పాత సబ్బు పెట్టె లాంటి వాసన. గేటు చప్పుడైంది. చిట్టీ డబ్బులాయన. మా బిడ్డ "డాడీ ఆవిరి పడుతున్నడు అంకుల్" అన్నది. ఆయన "అయ్యో, పట్టుకోనీ, మళ్ళొస్త" అని వెళ్ళిపోయాడు! ఫోన్ మోగింది, ఎవరూ నాకు తెచ్చివ్వలేదు. మా ఆవిడ గ్యాస్ బుక్ చేశారా అని అడగబోయి, చద్దరు చూసి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ సంసారంలో ఆమె ప్రశ్న సగంలో ఆగడం ఇదే మొదలు.

నీళ్ళు ఎప్పుడో చల్లారాయి. ఆవిరి కూడా లేదు. నేను అలాగే ఉన్నాను.

చద్దరు అంచు మెల్లగా లేచింది. మా అమ్మ తల లోపలికి వచ్చింది.

"కొంచెం జరుగు బిడ్డా."