రాత్రి మందుకు పొద్దున కేసా?

మామది పరకాల. ట్రాలీ ఆటో నడుపుతాడు. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే రైతుల బస్తాలు ఎత్తుకుని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతాడు. అల్లుడు హనుమకొండ కోర్టులో జూనియర్ లాయర్. పెళ్లి దావత్‌లో మామ క్వార్టర్ ఖాళీ చేసి లేచేసరికి ఇద్దరికీ వాదన పడింది. రాత్రి ఇంటికి పోవడానికి వేరే బండి ఉంది. గొడవంతా తెల్లారి లోడ్ గురించే.

మామ: రాత్రి తాగినదానికి పొద్దున కేసేంది? పడుకుని లేస్తే దిగిపోతుంది.

అల్లుడు: పడుకుంటే దిగదు మామా, గంటలు గడిస్తేనే దిగుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఎప్పుడు తాగావని అడగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే. నీలాంటి 70 కిలోల మనిషికి క్వార్టర్‌తో 120 దాకా పోవచ్చు. తగ్గేది గంటకు సుమారు 15. పదకొండుకు ఆపి నాలుగింటికి తాళం తిప్పితే ఇంకా 45 దగ్గరే ఉంటావు.

మామ: నిమ్మరసం తాగుతా. చల్ల తాగుతా.

అల్లుడు: వాసన పోతుందేమో. రక్తంలోది కాలేయం చూసుకోవాలి, దాన్ని తొందరపెట్టలేం.

మామ: ఇంగ్లండ్‌లో 80 దాకా ఊరుకుంటారట. మనకే ఈ 30 ఎందుకు?

అల్లుడు: దాని పక్కనున్న స్కాట్లాండ్ 2014లోనే 50కి దించుకుంది. అయినా మన పరకాల రోడ్డు మీద వెనక లైట్ లేని ట్రాక్టర్ ఆగి ఉంటే, 80తో బ్రేక్ కొడతావా?

మామ: సరే, ఇది చెప్పు. వైన్స్ పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూమ్‌కు అనుమతిచ్చేది సర్కారే. దాని ముందు వరసగా బండ్లు ఆగుతాయి. తాగినవాళ్లంతా నడిచి పోతారా? ఊళ్లో బెల్టు షాపును అడిగేవాడు లేడు. అమ్మేటప్పుడు పన్ను, తాగి లేస్తే ఫైను!

(దీనికి అల్లుడి దగ్గర సరైన జవాబు లేదు. ఉన్నవాళ్లెవరో నాకూ తెలియదు.)

అల్లుడు: దాని మీద కొట్లాడు, కాగితాలు నేను రాసిస్తా. కానీ అది చెప్పి బస్తాల మీద కూర్చున్న రైతును ప్రమాదంలో పెట్టకు. మొదటిసారి దొరికితే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. మళ్లీ దొరికితే పదిహేను వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, రెండూ పడొచ్చు.

మామ: బండి గుంజుకుంటారు కూడా.

అల్లుడు: గుంజుకోవద్దని 2021లో మన హైకోర్టు చెప్పింది. తాగని మనిషి, లైసెన్స్ ఉన్నవాడు వెంట ఉంటే బండి అతనికివ్వాలి. లేకుంటే ఇంటివాళ్లను పిలిపించాలి. అందుకే చిన్నోడిని పంపమంటున్నా.

మామ: వాడికి లెర్నింగే ఉంది.

అల్లుడు: అయితే ఏడు దాటాక బయలుదేరు.

మామ: అప్పటికి పోతే జెండా పాట, అదే మార్కెట్‌లో పొద్దున ధర తేల్చే వేలం, అందదు. రైతు తిట్టేది నన్ను, నిన్ను కాదు.

అల్లుడు: ఇప్పుడే ఫోన్ చేసి ఇంకో బండి మాట్లాడుకోమను.

మామ: నా కిరాయి?

అల్లుడు: పోతుంది.

మామ: ... ఫోన్ ఇటియ్యి. నా దాంట్లో బ్యాలెన్స్ లేదు.