ఎందరిలో అని చెప్పని శాతం

సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనల్లో విజయ శాతాలకు కొదవలేదు. ఒకరు 60 అంటే మరొకరు 70 అంటారు, 80 అనేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి బిడ్డ కోసం ఎదురుచూసిన దంపతులు ఆ అంకెను నమ్మి, అప్పో సప్పో చేసి గడప తొక్కుతారు. అది ఎందరిలో, చికిత్స ఏ దశలో కట్టిన లెక్కో చెప్పకుండా పెద్ద అక్షరాలతో అచ్చువేయడం వారి ఆశతో ఆడుకోవడమే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కేంద్రంలో 100 మంది మహిళలు ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించి, ఆ పిండాన్ని గర్భాశయంలోకి బదిలీ చేసే చికిత్స) కోసం ఇంజెక్షన్లు మొదలుపెట్టారనుకుందాం. అండాలు సరిగా ఎదగక 10 మందికి చికిత్స మధ్యలోనే ఆగింది. మిగిలిన 90 మంది నుంచి అండాలు సేకరిస్తే, 70 మందికే బదిలీకి పనికొచ్చే పిండాలు తయారయ్యాయి. వారిలో గర్భనిర్ధారణ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది 40 మందికి. స్కానింగ్‌లో పిండం గుండె కొట్టుకోవడం కనిపించింది 32 మందికి. చివరికి బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లినవారు 26 మంది. 70 మందిలో 40 అంటే 57 శాతం. 100 మందిలో 26 అంటే 26 శాతం. రెండింటిలోనూ అబద్ధం లేదు. ప్రకటనకెక్కేది మాత్రం మొదటిదే. పిండ బదిలీ దాకా రాలేకపోయిన ఆ 30 మందీ సూదిపోట్లు భరించారు, డబ్బు కట్టారు, కుమిలిపోయారు. ఆ 57 శాతంలో వారి ఊసే లేదు. జన్యుపరీక్షలో నెగ్గిన పిండాలనే బదిలీ చేసేచోట ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. ఒక్క పిండమూ నెగ్గనివారు లెక్కలోకే రారు మరి.

ఇక వయసు. బ్రిటన్‌లో సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణ సంస్థ హెచ్‌ఎఫ్‌ఈఏ 2022 గణాంకాల ప్రకారం, సొంత అండాలతో చికిత్స పొందినవారిలో బదిలీ చేసిన ఒక్కో పిండానికి సజీవ జననాలు 18-34 ఏళ్లవారిలో సుమారు 35 శాతం, 43-44 ఏళ్లవారిలో సుమారు 5 శాతం. దాత అండం వాడితే దాత వయసే కీలకం. వీరందరినీ కలగలిపి తీసిన సగటు 42 ఏళ్ల మహిళకు ఎందుకూ కొరగాదు.

అలాగని కేంద్రాలను శాతాల వరుసలో నిలబెట్టి పోల్చడమూ సరికాదు. కష్టమైన కేసులను వెనక్కి పంపేసే కేంద్రం శాతం పెరుగుతుంది, ఎవరూ చేర్చుకోనివారిని చేర్చుకున్న కేంద్రం శాతం తగ్గుతుంది. అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం కేంద్రాలవారీ ఫలితాలను ప్రచురిస్తూ వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే, రోగుల తీరు వేరు కనుక నేరుగా పోల్చవద్దని హెచ్చరించింది. సంఖ్య చిన్నదైతే కాకతాళీయత పాత్ర ఎక్కువ కనుక, 20 మందిలో 10 మందికి బిడ్డ పుట్టిన చిన్న కేంద్రం అసలు సామర్థ్యం 30 శాతమైనా కావచ్చు, 70 శాతమైనా కావచ్చు. శాతం కోసం రెండు మూడు పిండాలను ఒకేసారి బదిలీ చేసే ధోరణి మరీ ప్రమాదకరం. కవలల కాన్పుల్లో నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండటం ఎక్కువ, తల్లికీ ముప్పే. ఒక్క పిండం పద్ధతికి మళ్లాక బ్రిటన్‌లో ఐవీఎఫ్ బహుళ జననాలు 1990ల నాటి 28 శాతం నుంచి 2019కి 6 శాతానికి తగ్గాయి.

చికిత్స మొదలుపెట్టిన ప్రతి 100 మందికి సజీవ జననాలెన్నో వయసులవారీగా, కవలల లెక్కతో సహా ప్రకటించడాన్ని ప్రతి కేంద్రానికీ తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం. ఒకసారి సేకరించిన అండాల నుంచి, నిల్వ ఉంచిన పిండాలతో కలిపి, ఎందరికి బిడ్డ దక్కిందన్నదీ చెప్పాలి. అంతకన్నా ముఖ్యం, ఎదురుగా కూర్చున్న దంపతుల సంగతి. వారి వయసుకు, వారి పరీక్షల ఫలితాలకు అవకాశం ఎంత, రెండో ప్రయత్నంలో ఎంత, ఎక్కడ ఆపడం మంచిది అన్నవి వైద్యులు మొదటి ఇంజెక్షన్‌కు ముందే కాగితంమీద రాసి ఇవ్వాలి.