కళ్ళెదుట కాంటా వేయని బేరం

నా ఎదురుగా బల్ల మీద పోస్టాఫీసు రసీదు ఒకటి ఉంది. అక్టోబరు 11, ఉదయం 10.42 గంటలు అని పైన ఉంది. కింద రెండు పార్సిళ్ళ ట్రాకింగ్ నంబర్లు, ఒక్కొక్కదాని బరువు ముద్రించి ఉన్నాయి. ఒకటి 9.80 ఔన్సులు, రెండోది 9.60 ఔన్సులు. రెండూ పాత ఫోన్లు పెట్టి పంపమని ఒకే మొబైల్ కంపెనీ ఇచ్చిన ఒకే రకం అట్టపెట్టెలు. రెండింటిలోనూ ఐఫోన్ 12 లే ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి మా వారిది. మొదటి పెట్టెలో ఫోను ఉందని, రెండో పెట్టె ఖాళీగా వచ్చిందని ఆరు వారాల తర్వాత కంపెనీ మాకు తెలియజేసింది. ఐఫోన్ 12 బరువు 164 గ్రాములు, అంటే ఆరు ఔన్సులకు కాస్త తక్కువ. ఫోను లేకపోతే ఆ పెట్టె నాలుగు ఔన్సులు కూడా తూగదు. ఈ చిన్న లెక్కను ఆ కంపెనీ చేత చేయించడానికి నాకు రెండు నెలలకు పైగా పట్టింది. అమెరికాలో పాత ఫోన్లను పోస్టులో పంపి క్రెడిట్ కోసం ఎదురుచూసే మన వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇండియాలో ఉన్నవారికి, ఇక్కడికి కొత్తగా వచ్చినవారికి ముందు ఈ బేరం నడిచే తీరు చెప్పాలి. ఇక్కడి మొబైల్ కంపెనీ పాత ఫోను ఇస్తే కొత్తది ఉచితమని ప్రకటించినప్పుడు, నిజానికి మనకు ముట్టేది ఒక అప్పు. మేము తీసుకున్న 830 డాలర్ల ఫోను ధరను 36 నెలలకు పంచి, నెలకు 23 డాలర్ల చొప్పున బిల్లులో వేశారు. మన పాత ఫోను వాళ్ళకు చేరి, అది బాగుందని వాళ్ళు ఒప్పుకున్న తర్వాత, అదే బిల్లులో మరో వరుసలో అంతే మొత్తాన్ని క్రెడిట్‌గా తగ్గించాలి. మధ్యలో వేరే కంపెనీకి మారితే మిగిలిన నెలల క్రెడిట్ రద్దవుతుంది, మిగిలిన వాయిదాలు మాత్రం మనమే కట్టాలి. అమ్మకపు పన్నును ఫోను పూర్తి ధర మీద మొదటి రోజే వసూలు చేశారు. మేముండే టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఆ పన్ను 8.25 శాతం, రెండు ఫోన్లకు కలిపి దాదాపు 137 డాలర్లు. అందువల్ల పాత ఫోను అందలేదని కంపెనీ ఒక్క మాట అంటే, బయట అమ్మితే కొత్తదాని ధరలో నాలుగో వంతు కూడా రాని ఆ పాత ఫోనుతో నష్టం ఆగదు, కొత్త ఫోను ధర మొత్తం మన నెత్తిన పడుతుంది.

ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాం కాబట్టి పాత ఫోన్లను షాపులో తీసుకోవడం కుదరదని, పెట్టెలో పంపాల్సిందేనని అన్నారు. కొత్త ఫోన్లు మాకు చేరిన రోజు నుంచే 30 రోజుల గడువు మొదలైంది. పాత ఫోన్లు పంపాల్సిన ఖాళీ పెట్టెలు రావడానికే అందులో 9 రోజులు పోయాయి. ప్రతి పెట్టె మీది లేబుల్ ఒక్క ఫోనుకే చెందుతుంది. ఆ ఫోను ఐఎంఈఐకి, అంటే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే తెర మీద కనిపించే 15 అంకెల సంఖ్యకు, ఆ లేబుల్ ముడిపడి ఉంటుంది. ఒకేసారి మూడు నాలుగు ఫోన్లు మార్చే ఇళ్ళలో ఒకరి పెట్టెలో మరొకరి ఫోను పెడితే రెండూ చిక్కుల్లో పడతాయి. ఆ పొరపాటు జరగకూడదని మా అమ్మాయి రెండు చీటీల మీద అమ్మ, నాన్న అని తెలుగులో రాసి, ఏ ఫోనుకు ఏ పెట్టో కలిసేలా అంటించింది. పెట్టెలు మూసే ముందు ఆ చీటీలనూ ఐఎంఈఐలనూ నేను రెండుసార్లు సరిచూశాను. అంత జాగ్రత్తగా పంపిన పెట్టె ఇది.

పంపే ముందు చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనది, ఫోను ఎక్కడుందో చూపించే ఫైండ్ మై ఆపడం. అది ఆపకపోతే ఫోనుకు తాళం పడినట్టే, ఇంకెవరికీ పనికిరాదు. అలాంటి ఫోనును కంపెనీ తిరస్కరిస్తే నేను తప్పు పట్టను. కానీ దాన్ని ఆపిన క్షణం నుంచి ఆ ఫోను ఎక్కడుందో తెలుసుకోవడానికి మనకున్న ఒకే ఒక దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత సిమ్ తీసేస్తాం, లోపలున్నదంతా తుడిచేస్తాం. కంపెనీ చెప్పిన సూచనలను ఎంత శ్రద్ధగా పాటిస్తే మన చేతిలో రుజువులు అంతగా తగ్గిపోతాయన్నమాట. పెట్టె మన చేయి దాటాక దాన్ని ఎవరు విప్పారు, ఎప్పుడు విప్పారు, విప్పినప్పుడు లోపల ఏముంది అన్నది పూర్తిగా అవతలివాళ్ళ మాట మీదే ఆధారపడి ఉంటుంది. పైగా పెట్టె మొబైల్ కంపెనీకి కూడా వెళ్ళదు, ఆ పని కాంట్రాక్టుకు తీసుకున్న వేరే సంస్థ గోదాముకు వెళుతుంది. ఆ గోదాముతో మనం నేరుగా మాట్లాడే వీలు లేదు.

నవంబరు చివరి వారంలో పెట్టె ఖాళీగా వచ్చిందన్న సందేశం అందాక నేను ఏడుసార్లు కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి, ప్రతిసారీ 72 గంటలు ఆగమంటారు. నాలుగోసారి మాట్లాడిన అమ్మాయి, పెట్టె మూసే ముందు లోపల ఫోను ఉన్నట్టు ఫొటో తీశారా అని అడిగింది. తీయలేదన్నాను. మరి మీ గోదాములో పెట్టె విప్పినప్పుడు ఫొటో తీశారా అని నేను అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, అటువంటి సమాచారం తనకు కనిపించదని మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమె ముందున్న తెర మీద ఆ ఫొటోకు చోటే ఇవ్వలేదు. ఇంట్లో వంటగది బల్ల మీద పెట్టె మూసుకునే నేను ఫొటో తీసి ఉండాలట, పెట్టెలు విప్పడమే వృత్తిగా ఉన్న గోదాముకు మాత్రం ఆ బాధ్యత లేదట. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది.

పోస్టాఫీసుకు వెళ్ళి అడిగితే, లేబుల్ కంపెనీది, డబ్బు కట్టింది కంపెనీ, కాబట్టి వాళ్ళనే అడగమన్నారు. దొంగిలించిన ఫోన్ల వివరాలను ఉమ్మడి జాబితాల్లో పెట్టి ఒకరితో ఒకరు పంచుకుంటామని ఈ దేశపు పెద్ద మొబైల్ కంపెనీలు 2012లో ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌సీసీతో కలిసి ప్రకటించాయి. మా వారి ఫోను దారిలో ఎవరైనా తీసి ఉంటే దాని ఐఎంఈఐని ఆ జాబితాలో చేర్చమని కంపెనీని కోరాను. అది ట్రేడ్-ఇన్ కింద కంపెనీకి అప్పగించిన ఫోను కాబట్టి మేము దాన్ని పోయినట్టు నమోదు చేయించలేమన్నారు. ఆ ఫోను తమకు అందలేదన్న మాట, అది ఇక మాది కాదన్న మాట ఒకే సంభాషణలో విన్నాను.

మా నాన్నగారు మిర్యాలగూడ దగ్గర వరి పండించేవారు. ధాన్యం అమ్మిన ఇంట్లో పుట్టినవారికి తరుగు అన్న మాట విడమరచి చెప్పనక్కరలేదు. ధాన్యం కొనే ఐకేపీ సెంటరులో తేమ 17 శాతం లోపే ఉందని చూసి, 40 కిలోల బస్తాలు కాంటా వేసి, లారీకి ఎత్తుతారు. నాన్న అక్కడే నిలబడి చివరి బస్తా దాకా కాంటా మీద నుంచి చూపు తిప్పేవారు కాదు. లారీ మిల్లుకు చేరాక మరునాడు కబురు వచ్చేది, తాలు ఎక్కువగా ఉందని, బస్తాకు ఇన్ని కిలోల చొప్పున తీసేస్తామని, ఒప్పుకోకపోతే లారీ దించమని. తన కళ్ళెదుట జరిగిన తూకానికి విలువ లేకుండా పోయి, తాను చూడని తూకమే ఖాయమయ్యేది. ధాన్యం వెనక్కి తెచ్చుకోవాలంటే లారీ కిరాయి రైతు మీద పడుతుంది కాబట్టి నాన్న ప్రతిసారీ ఒప్పుకునేవారు. ఇన్నేళ్ళ తర్వాత టెక్సాస్‌లో, చేతిలో రసీదు పట్టుకుని, నేను చూడని గోదాములో తేల్చిన లెక్కకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నాకు నాన్న ముఖమే కనిపించింది. ఆయన బాధ పెద్దది, నాది చిన్నది. అయినా రెండింటిలోనూ జరిగే అన్యాయం ఒక్కటే.

పాత ఫోను మార్పిడి ఇలాగే జరగాలని ఎక్కడా లేదు. ఇండియాలో ఆన్‌లైన్‌లో ఎక్స్‌ఛేంజ్ కింద ఫోను కొంటే కొత్త ఫోను తెచ్చిన డెలివరీ అబ్బాయే గుమ్మం దగ్గర పాత ఫోనును చేతిలోకి తీసుకుని, తెర, కెమెరా, బటన్లు చూసి, ఐఎంఈఐ సరిపోల్చుకుని తీసుకువెళతాడు. అక్కడా పేచీలు ఉంటాయి, గీత ఉందని ధర తగ్గిస్తానంటాడు. కానీ ఆ గీతను మనమూ చూస్తాం, నచ్చకపోతే మన ఫోను మన దగ్గరే ఉంటుంది. ఇక్కడ కూడా షాపులో ఇచ్చినవారికి ఆ సౌకర్యం ఉంది. పెట్టెలో పంపినవారికే లేదు.

డిసెంబరు 9న ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఫిర్యాదు చేశాను. దానికి రుసుము లేదు. ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది, కంపెనీ 30 రోజుల్లోగా జవాబివ్వాలి. పదకొండో రోజున కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి ఒకావిడ ఫోను చేసింది. రసీదులోని రెండు బరువులను ఆవిడకు చదివి వినిపించి, ఫోను ఉన్నదని మీరే ఒప్పుకున్న పెట్టెకూ ఖాళీ అంటున్న పెట్టెకూ తేడా ఔన్సులో అయిదో వంతు మాత్రమే ఎందుకు ఉందో చెప్పమన్నాను. రెండు రోజుల తర్వాత క్రెడిట్ మంజూరైంది, కట్టిన వాయిదాలు వెనక్కి వచ్చాయి. అయితే ఆ ఉత్తరంలో పొరపాటు జరిగిందన్న మాట ఎక్కడా లేదు. పాత ఖాతాదారులమన్న గౌరవంతో ఇస్తున్నామని రాశారు. మాకు రావాల్సినదాన్ని దయగా ఇచ్చినట్టు రాయడం నన్ను ఆ రెండు నెలల జాప్యం కంటే ఎక్కువగా బాధించింది. ఎందుకంటే తప్పు ఒప్పుకోనంత వరకు ఆ గోదాములో ఏదీ మారదు.

డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా వారి పిన్ని కొడుకు సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అతను కూడా అదే కంపెనీ, అదే ఆఫరు. "వదినా, లేబుల్ అంటించే ఇచ్చారు కదా, డబ్బు కట్టే పని లేదు కదా అని డ్రాప్ బాక్స్‌లో వేసి వచ్చేశాను" అన్నాడు. రసీదు లేదు. ట్రాకింగ్‌లో లేబుల్ తయారైంది అన్న ఒక్క వరుస తప్ప మరేమీ లేదు. అతని ఫిర్యాదుకు వచ్చిన జవాబు రెండు వాక్యాలు, పరికరం అందినట్టు తమ వద్ద నమోదు కాలేదని, కేసు మూసివేస్తున్నామని. యూనివర్సిటీ మెస్‌లో పని చేసి సంపాదించే డబ్బులోంచి నెలకు 23 డాలర్లు కడుతున్నాడు. ఇంకా 31 నెలలు కట్టాలి. ఇటువంటివారంతా కలిసి కోర్టుకు వెళ్ళవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఒప్పందంలో ఆ దారి మూసేశారు, దానికి సుప్రీంకోర్టు ఆమోదం కూడా ఉంది. 2002లో కాలిఫోర్నియాలో కాన్సెప్సియాన్ దంపతులు ఉచితమన్న ప్రకటన చూసి తీసుకున్న ఫోన్లకు 30.22 డాలర్ల పన్ను కట్టాల్సి వచ్చింది. ఆ వివాదం ఏటీ అండ్ టీ మొబిలిటీ వర్సెస్ కాన్సెప్సియాన్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. వినియోగదారులు మూకుమ్మడిగా దావా వేయకుండా, విడివిడిగా మధ్యవర్తి దగ్గరకే వెళ్ళాలన్న ఒప్పంద షరతు చెల్లుతుందని 2011లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. 830 డాలర్ల కోసం ఒంటరిగా ఎంతమంది పోరాడతారు?

పెట్టె విప్పేటప్పుడు బరువు చూసి, ఒక ఫొటో తీసి, దాన్ని ఖాతాలో పెట్టడం ఆ గోదాముకు భారం కాదు. ఫోనులో లోపం ఉందంటే ఆ లోపం ఫొటోలో చూపించాలి, ఒప్పుకోనివారికి వారి ఫోను తిరిగి పంపాలి. పోస్టాఫీసు స్కాన్ చేసిన రోజు నుంచే క్రెడిట్ మొదలుపెట్టాలి, తేడా ఉంటే దాన్ని రుజువు చేసే బాధ్యత కంపెనీ తీసుకోవాలి. ఈ మార్పులు వచ్చేదాకా, వీలుంటే షాపులో చేతికిచ్చి ఐఎంఈఐ రాసిన కాగితం తీసుకోండి. పోస్టులో తప్పనిసరైతే ఫోనును లేబుల్ పక్కన పెట్టి, ఐఎంఈఐ కనిపించేలా వీడియో తీస్తూ మూయండి, కౌంటరులో నిలబడి బరువు పడిన రసీదు అడగండి. క్రెడిట్ వరుస బిల్లులో కనిపించేదాకా ప్రతి నెలా చూసుకోండి. ఒకటి రెండు బిల్లులు ఆలస్యం కావడం మామూలే, మూడోదాకా ఆగకండి.

మా మరిదికి ఒక దారి మిగిలింది. అతని ఒప్పందం ప్రకారం చిన్న దావాల కోర్టుకు వెళ్ళవచ్చు. టెక్సాస్‌లో ఆ పని జస్టిస్ కోర్టు చూస్తుంది, 20,000 డాలర్ల దాకా దావాలు అక్కడ వేయవచ్చు. అయితే దానికి ముందు కంపెనీకి వివాదపు నోటీసు పంపి 60 రోజులు ఆగాలి. గత శనివారం మా ఇంట్లో కూర్చుని ఆ నోటీసు ఇద్దరం కలిసి రాశాం. సోమవారం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాడు, కౌంటరు రసీదు ఫొటో నాకు వాట్సాప్ చేశాడు. మీలో ఎవరైనా ఇటువంటి నోటీసు పంపి ఉంటే, కంపెనీ 60 రోజుల లోపు ఏమని స్పందించిందో దయచేసి ఇక్కడ రాయండి. అతనికి ఉపయోగపడుతుంది.