షెడ్యూల్-టి గారి సముఖానికి రోలూ రోకలీ రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ షెడ్యూల్-టి గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ లెక్కలో మేమింకా పుట్టనే లేదు కనుక మా క్షేమానికి లోటు లేదు.

1945 మందుల నిబంధనల్లో ఓ అనుబంధ పట్టికగా కూర్చుని, ఆయుర్వేద మందులు ఎలాంటి చోట, ఏ పనిముట్లతో చేయాలో మీరు కొలతలు చెప్పారు. ఆయుర్వేద మందు తయారీకి పైకప్పు కింద 1,200 చదరపు అడుగులు, ఒక్కో పనికి ఒక్కో అర. ఒక్క చూర్ణానికే 200. నేలఉసిరి దంచేవాడి ఇల్లు, వసారా, మేకల కొట్టం కలిపినా అంత తేలదు. చూర్ణం యంత్రాల్లో గ్రైండరు, పల్వరైజరు, పౌడర్ మిక్సరు, జల్లెడ అన్నారు. జల్లెడ పేరు చూసి మాకు ప్రాణం లేచొచ్చింది.

వైద్యుడు తన రోగికి తానే చేసిచ్చుకుంటూ, బజారులో అమ్మకపోతే ఈ బాధ లేదన్నారు, దయామయులు. కాకపోతే ఆ వైద్యుడు 'రిజిస్టరైన' వాడై ఉండాలట. నల్లమలలో చెంచు ముసలమ్మ తన పేరు ఏ రిజిస్టరులో వెతుక్కోవాలి?

మీ పెద్దన్న, 1940 చట్టంలోని మొదటి షెడ్యూల్ గారు, ఇంకా ఘనులు. ఆయన దగ్గర ప్రామాణిక వైద్య గ్రంథాల జాబితా ఉంది. మన బసవరాజీయానికీ చోటిచ్చారు, సంతోషం. యోగం, అంటే మందు కూర్పు, ఆ గ్రంథాల్లో ఉంటే సరే. లేకపోతే ప్రొప్రైటరీ మందుగా, అంటే చేసేవాడి సొంత కూర్పుగా రావచ్చు, అయినా ప్రతి దినుసూ ఆ గ్రంథాల యోగాల్లో కనిపించాలి. ఆరింటిలో అయిదు దొరికి, ఆరోది అడవి తీగైతే ఫైలు అక్కడే ఆగుతుంది. తీగకా, గూడేనికో పేరు!

మీరు అడిగే నాణ్యత పరీక్షల మీద మాకు కోపం లేదు. ముసురులో సగం ఆరిన ఆకును గోనెలో తొక్కితే బూజు పట్టక మానదు. నేలఉసిరిలో దగ్గరి జాతులు కలుస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఆకు తిప్పి, కాయ చూసి ఏరొచ్చు. పొడయ్యాక ఎంతటి కన్నూ పట్టలేదు. దానికి ల్యాబు కావాలి, నిజమే. ల్యాబు పరీక్షకు 1,200 అడుగుల ఇల్లెందుకో బోధపడలేదు.

పక్కింటి 1954 చట్టం మందుల ప్రకటనల మీద. నయం చేస్తామని ప్రకటించకూడని 54 జబ్బుల పట్టిక అందులో ఉంది. కొండపిండి కట్ట దగ్గర 'కిడ్నీలో రాళ్లకు' అని సుద్దముక్కతో రాసినా ప్రకటనే. రాయకపోతే కొనేవాళ్లు "కూరకా?" అంటున్నారు.

ఊరి జీవవైవిధ్య కమిటీ వారేమో 2002 జీవవైవిధ్య చట్టం పట్టుకుని వచ్చి, "మీకు తెలిసిన మందులు చెప్పండి, రిజిస్టరులో రాస్తాం" అంటున్నారు. ఇంతలో 2023 సవరణ, గ్రంథస్థమైన విద్యను వాడుకునేవారికి, లాభంలో వాటా చెల్లించే పని తప్పించింది. గ్రంథంలో లేకపోతే లైసెన్సు రాదు, ఉంటే వాటా రాదు. ఈ లెక్క మాత్రం మీ ఇంట్లో ఎవరు వేశారో గానీ, గట్టివారు.

కనుక జల్లెడ పక్కన 'రోలు' అనే రెండక్షరాలు చేర్పించగలరు. చిత్తగించవలెను.

ఇట్లు,
రోలు, రోకలి
(లైసెన్సు నంబరు: లేదు)